వర్చువల్ మెమరీ నిర్వహణ: రూపకల్పనలో లాభనష్టాలు

నిర్వచనం

కంప్యూటర్‌లో ఉన్న ర్యామ్ ఎంతైనా సరే, నడిచే ప్రతి ప్రోగ్రామ్‌కూ తనకంటూ వేరుగా, మొదటి నుంచి చివరిదాకా తెగకుండా సాగే పెద్ద మెమరీ ఉన్నట్టు చూపించే ఏర్పాటును వర్చువల్ మెమరీ అంటారు. ప్రోగ్రామ్ వాడే చిరునామాలు వర్చువల్ చిరునామాలు, ర్యామ్ చిప్పుల్లోని అసలు స్థానాలు భౌతిక చిరునామాలు. మొదటివాటిని రెండోవాటిగా మార్చే పని ప్రాసెసర్‌లోని మెమరీ మేనేజ్‌మెంట్ యూనిట్‌ది. ఏది దేనిగా మారాలో నిర్ణయించి పట్టికలు రాసిపెట్టే పని ఆపరేటింగ్ సిస్టమ్‌ది.

ఈ ఏర్పాటు వల్ల ఒక ప్రోగ్రామ్ ఇంకో ప్రోగ్రామ్ మెమరీలో వేలు పెట్టలేదు. ర్యామ్‌లో పట్టని పనిని కూడా నడిపించవచ్చు. పది ప్రోగ్రామ్‌లు వాడే లైబ్రరీని ర్యామ్‌లో ఒక్క ప్రతిగా ఉంచి అందరికీ చూపించవచ్చు. ఇవన్నీ ఉచితంగా రావు. పేజీ ఎంత పెద్దదిగా ఉండాలి, పట్టికలు ఎలా కట్టాలి, ర్యామ్ నిండినప్పుడు దేన్ని బయటికి పంపాలి, లేని మెమరీని ఎంతవరకు ఇస్తామని మాట ఇవ్వవచ్చు అనే ప్రతి నిర్ణయమూ ఒకచోట ఆదా చేసి మరోచోట ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చు సమయం రూపంలో రావచ్చు, స్థలం రూపంలో రావచ్చు, ఎప్పుడు ఏమవుతుందో చెప్పలేని అనిశ్చితిగానూ రావచ్చు. దాన్ని ఎవరు భరిస్తున్నారన్నది ఈ వ్యాసం పొడుగునా అడగవలసిన ప్రశ్న. ఎందుకంటే ర్యామ్ పుష్కలంగా ఉన్న సర్వర్‌పై ఏ తొలగింపు విధానమైనా దాదాపు ఒకేలా నడుస్తుంది. ఆ తేడా బాగా తెలిసేది 1, 2 జీబీల ఫోన్ల మీద, పాత డెస్క్‌టాప్‌ల మీద.

చరిత్ర

తొలినాటి యంత్రాల్లో ప్రోగ్రామ్ అప్పటి ప్రధాన మెమరీ అయిన కోర్ మెమరీలో పట్టకపోతే ప్రోగ్రామరే దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు డ్రమ్ము అనే అయస్కాంత నిల్వ మీద నుంచి రావాలో రాసుకునేవాడు. ఇది ఓవర్‌లే పద్ధతి. మెమరీ పరిమాణం మారితే ఆ పనంతా మళ్లీ మొదలు. ఈ భారాన్ని యంత్రానికే అప్పగించిన తొలి పెద్ద ప్రయత్నం మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో 1962లో ప్రారంభమైన అట్లాస్ కంప్యూటర్. 48 బిట్ల పదాలు 16,384 పట్టే కోర్ మెమరీని, 98,304 పదాల డ్రమ్మును కలిపి ఒకే అంతస్తు నిల్వగా చూపించారు. పేజీకి 512 పదాలు. కోర్‌లో ఉన్న 32 పేజీలకు 32 రిజిస్టర్లు. పేజీ లేదని తెలిసినప్పుడు దేన్ని డ్రమ్ముకు పంపాలో తేల్చడానికి గత వాడకాన్ని గమనించే సూత్రాన్ని కూడా అట్లాస్‌ను రూపొందించిన టామ్ కిల్‌బర్న్ బృందం అప్పుడే పెట్టింది. అంటే ఈ రంగంలోని ప్రధాన ప్రశ్నలు తొలి యంత్రంలోనే ఎదురయ్యాయి.

1960ల చివరికి ఒక చిక్కు బయటపడింది. ఎక్కువ ప్రోగ్రామ్‌లు ఒకేసారి ఎక్కించిన యంత్రాలు పేజీలను మోయడంతోనే సరిపెట్టుకుని అసలు పని ఆపేసేవి. పీటర్ డెనింగ్ 1968లో దీని కారణాన్ని వివరించి వర్కింగ్ సెట్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించాడు (చూ. త్రాషింగ్). ఐ.బి.ఎం. 1972 ఆగస్టులో సిస్టమ్/370 యంత్రాలకు వర్చువల్ మెమరీ ప్రకటించాక వాణిజ్య రంగంలో అది సాధారణమైంది. 1977లో వచ్చిన వ్యాక్స్-11/780లో పేజీ వాడారా లేదా అని గుర్తుపెట్టే రిఫరెన్స్ బిట్ లేదు. బర్క్లీలో ఓజల్ప్ బాబావొగ్లూ, బిల్ జాయ్ 1979 నాటి 3బి.ఎస్.డి. యూనిక్స్‌లో ఆ లోటును సాఫ్ట్‌వేర్‌తో పూడ్చారు. పేజీని కావాలని చెల్లనిదిగా గుర్తుపెట్టి, దాన్ని తాకినప్పుడు వచ్చే ఫాల్ట్‌నే వాడకానికి సాక్ష్యంగా తీసుకున్నారు. హార్డ్‌వేర్‌లో మిగిల్చిన బిట్టు ఖర్చు ఇలా ఫాల్ట్‌ల రూపంలో ఆపరేటింగ్ సిస్టమ్ మీద పడింది. 1985లో ఇంటెల్ 80386తో 4 కేబీల పేజీ వ్యక్తిగత కంప్యూటర్లలోకి వచ్చింది. 1991లో మొదలైన లినక్స్ దాని మీదే పుట్టింది.

తెలుగునేల మీద కంప్యూటర్ల తయారీ హైదరాబాదులో 1967లో ఏర్పడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా లిమిటెడ్‌తో మొదలైంది. అక్కడ తయారైన ట్రాంబే డిజిటల్ కంప్యూటర్ శ్రేణిలో టి.డి.సి.-12 పన్నెండు బిట్ల యంత్రం, టి.డి.సి.-316 పదహారు బిట్లది. 12 బిట్లతో 4,096 స్థానాలను, 16 బిట్లతో 65,536 స్థానాలను మించి నేరుగా గుర్తించలేం. ఆ తరహా చిన్న యంత్రాల మీద పనిచేసినవారికి మెమరీ పొదుపు అంటే ప్రోగ్రామర్ చేతిపనే.

పనిచేసే తీరు

వర్చువల్ మెమరీని పేజీలుగా, ర్యామ్‌ను అదే పరిమాణం గల ఫ్రేములుగా విభజిస్తారు. 4 కేబీ, అంటే 4,096 బైట్ల పేజీలనుకుంటే 10,000వ చిరునామాను 4,096తో భాగిస్తే భాగఫలం 2, శేషం 1,808. అంటే 2వ పేజీలో 1,808వ బైటు. పేజీ టేబుల్‌లో 2వ పేజీకి ఎదురుగా 7వ ఫ్రేము అని ఉంటే అసలు చిరునామా 7 × 4,096 + 1,808, అంటే 30,480. టేబుల్‌లో ఆ పేజీ ర్యామ్‌లో లేదని ఉంటే ప్రాసెసర్ ఆగి ఆపరేటింగ్ సిస్టమ్‌ను పిలుస్తుంది. దీన్ని పేజీ ఫాల్ట్ అంటారు. సిస్టమ్ ఆ పేజీని డిస్కు నుంచి తెచ్చి, టేబుల్ సరిచేసి, ఆగిన ఆదేశాన్ని మళ్లీ మొదటి నుంచి నడిపిస్తుంది. ప్రోగ్రామ్‌కు ఈ సంగతే తెలియదు.

పేజీ గీత అక్షరాల అర్థాన్ని పట్టించుకోదు. యూనికోడ్ యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో ఒక్కో తెలుగు సంకేతానికి 3 బైట్లు పడతాయి. ‘పిఠాపురం’ అనే మాటలో సంకేతాలు ఎనిమిది: ప, గుడి, ఠ, దీర్ఘం, ప, కొమ్ము, ర, సున్నా. మొత్తం 24 బైట్లు. ఒక పేజీ మొదటి నుంచి ఇదే మాటను ఖాళీ లేకుండా రాసుకుంటూ పోతే 170 సార్లకు 4,080 బైట్లు నిండి 16 మిగులుతాయి. 171వ మాటలో ఐదు సంకేతాలు, ఆరోదైన కొమ్ములో తొలి బైటు ఈ పేజీలో ఉండిపోతాయి. కొమ్ములో మిగిలిన రెండు బైట్లు, ర, సున్నా తర్వాతి పేజీకి వెళతాయి. ఆ రెండో పేజీ ర్యామ్‌లో లేకపోతే ఒక్క కొమ్మును చదవడానికి పేజీ ఫాల్ట్ తప్పదు.

ప్రతి మెమరీ వాడకానికీ ముందు టేబుల్ చూడాలంటే పని రెట్టింపవుతుంది. అందుకే ఇటీవలి చిరునామా అనువాదాలను ప్రాసెసర్‌లోనే ఉంచే చిన్న కాష్‌ను పెట్టారు. అది టి.ఎల్.బి. ఇందులో గడులు తక్కువ. ఆ కొరతే తర్వాతి విభాగంలోని చర్చకంతటికీ మూలం.

ఫాల్ట్ ఖరీదు నిల్వ మాధ్యమాన్ని బట్టి మారుతుంది. ర్యామ్‌ను అందుకోవడానికి 100 నానోసెకన్లు, తిరిగే డిస్కు నుంచి పేజీ తేవడానికి 8 మిల్లీసెకన్లు అనుకుందాం. వెయ్యింటికి ఒక్క ఫాల్ట్ వచ్చినా సగటు దాదాపు 8,100 నానోసెకన్లకు చేరుతుంది. అంటే యంత్రం 80 రెట్లకు పైగా నెమ్మదిస్తుంది. నష్టం పదో వంతుకు మించకూడదంటే దాదాపు 8 లక్షల వాడకాలకు ఒకటికి మించి ఫాల్ట్ రాకూడదు. 100 మైక్రోసెకన్ల ఎస్.ఎస్.డి. అయితే అదే వెయ్యింటికి ఒక ఫాల్ట్‌తో వేగం సగానికి పడిపోతుంది, అంతే. 1970ల్లో డిస్కు కోసం రాసిన నియమాలను నేటి ఫ్లాష్ మీద యథాతథంగా వాడకూడదనడానికి ఈ లెక్క చాలు.

పేజీ పరిమాణం

ఈ రంగంలో ఎక్కువ వాదం నడిచింది దీని మీదే. చిన్న పేజీ అయితే వృథా తక్కువ, పట్టిక పెద్దది. పెద్ద పేజీ అయితే టి.ఎల్.బి.కి సులువు, ర్యామ్‌కు బరువు.

పిఠాపురానికి దగ్గర్లోని ఉప్పాడలో జాందానీ చీరను ఫోన్‌లో ఫొటో తీసి కొనేవారికి పంపడం ఇప్పుడు వ్యాపారంలో భాగం. 4,000 × 3,000 చుక్కల ఫొటోను తెర మీద చూపడానికి విప్పితే, చుక్కకు 4 బైట్ల చొప్పున 4 కోట్ల 80 లక్షల బైట్లు కావాలి. 4 కేబీ పేజీలైతే 11,719 కావాలి, చివరి పేజీలో వృథా 1,024 బైట్లు. 16 కేబీ పేజీలైతే 2,930, వృథా 5,120 బైట్లు. 2 ఎంబీ పేజీలైతే 23 చాలు, వృథా 2,34,496 బైట్లు. ఫొటో వరకు చూస్తే పెద్ద పేజీదే గెలుపు. 64 గడుల టి.ఎల్.బి. 4 కేబీ పేజీలతో 256 కేబీలనే కప్పుతుంది, అంటే ఆ ఫొటోలో చిన్న చారను. 2 ఎంబీ పేజీలతో 128 ఎంబీలు, అంటే ఫొటో మొత్తాన్నీ కప్పి ఇంకా మిగులుతుంది. కానీ ఫోన్‌లో ఉండేవి ఫొటోలే కావు. వందలాది చిన్న కేటాయింపులుంటాయి. పైన చెప్పిన 24 బైట్ల మాట ఒక్కటే ఒక పేజీలో ఉంటే, 4 కేబీలో 4,072 బైట్లు, 2 ఎంబీలో దాదాపు 2 ఎంబీ మొత్తం వృథా.

రెండు పరిమాణాలనూ కలిపి వాడితే ఏమవుతుందని 1992లో మధుసూదన్ తాళ్లూరి, షింగ్ కాంగ్, మార్క్ హిల్, డేవిడ్ ప్యాటర్సన్ కంప్యూటర్ ఆర్కిటెక్చర్ అంతర్జాతీయ సదస్సులో ప్రచురించిన వ్యాసం పరిశీలించింది. పేజీలన్నిటినీ పెద్దవి చేస్తే ప్రోగ్రామ్ ఆక్రమించే మెమరీ బాగా పెరుగుతుందని, చిన్న పెద్ద పేజీలను కలిపి వాడితే ఆ పెరుగుదల తక్కువలో ఆగుతుందని వారు చూపారు. చిక్కేమిటంటే ఏ భాగానికి ఏ పరిమాణమో ఎవరో ఒకరు నిర్ణయించాలి. తాళ్లూరి, హిల్ 1994లో ఆ నిర్ణయభారాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ మీద తగ్గించే టి.ఎల్.బి. నిర్మాణాన్ని ప్రతిపాదించారు.

లినక్స్ 2011లో 2.6.38 కూర్పుతో ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజెస్‌ను తెచ్చింది. ప్రోగ్రామ్ అడగకపోయినా వరుసగా దొరికిన ఫ్రేములను సిస్టమే 2 ఎంబీ పేజీగా కలుపుతుంది. వరుస ఫ్రేములు దొరకకపోతే ఉన్న పేజీలను అటూ ఇటూ జరిపి చోటు చేయాలి. ఆ జరపడం ఎప్పుడు మొదలవుతుందో ముందుగా చెప్పలేం. సగటు వేగం పెరిగినా అప్పుడప్పుడు హఠాత్తుగా ఆగే గుణం వచ్చింది. రెడిస్ వంటి డేటాబేస్‌లు దీన్ని ఆపుకోమని వాడేవారికి చెబుతాయి. 2019లో బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, ఢిల్లీ ఐ.ఐ.టి. పరిశోధకులు ప్రకటించిన హాక్‌ఐ వ్యవస్థ ఈ సమస్య మీద పనిచేసింది. పెద్ద పేజీలో వాడకుండా సున్నాలతో మిగిలిన భాగాలను గుర్తించి ర్యామ్‌ను వెనక్కి తీసుకోవడం దాని ఉపాయాల్లో ఒకటి.

ఆపిల్ 64 బిట్ల ఆర్మ్ యంత్రాల మీద 16 కేబీ పేజీని ఎంచుకుంది. ఆండ్రాయిడ్ 2024లో 15వ కూర్పుతో 16 కేబీ పేజీలకు తలుపు తెరిచింది. యాప్‌లు త్వరగా తెరుచుకుంటాయని, ర్యామ్ వాడకం మాత్రం కొంత పెరుగుతుందని గూగుల్ స్వయంగా చెప్పింది. ర్యామ్ ఎక్కువున్న ఖరీదైన ఫోన్‌కు ఇది లాభసాటి బేరం. చవక ఫోన్‌కు అదే మాట అంత ధీమాగా చెప్పలేం.

పేజీ టేబుల్ నిర్మాణం

32 బిట్ల చిరునామాలకు 4 కేబీ పేజీలతో ఒకే వరుస పట్టిక కడితే 10,48,576 గడులు, గడికి 4 బైట్ల చొప్పున ఒక్కో ప్రాసెస్‌కు (నడుస్తున్న ప్రోగ్రామ్‌కు) 4 ఎంబీలు కావాలి. 48 బిట్లకు, గడికి 8 బైట్ల చొప్పున, అదే పద్ధతి పాటిస్తే పట్టికకే 512 జీబీలు పోతాయి. అందుకే పట్టికను అంచెలుగా కడతారు. 64 బిట్ల ఇంటెల్ తరహా ప్రాసెసర్లలో నాలుగు అంచెలు. ప్రతి అంచె పట్టికలో 512 గడులు, గడికి 8 బైట్లు, వెరసి సరిగ్గా ఒక పేజీ. వాడని ప్రాంతాలకు పట్టికే ఉండదు. అలా స్థలం మిగిలింది, కానీ టి.ఎల్.బి.లో దొరకని చిరునామాకు నాలుగుసార్లు మెమరీ తాకాలి. చిరునామాను 57 బిట్లకు పెంచిన ఐదు అంచెల ఏర్పాటుకు 2017లో లినక్స్ 4.14 మద్దతిచ్చింది. అక్కడ ఐదుసార్లు.

దీనికి పూర్తిగా భిన్నమైనది తిరగేసిన పేజీ టేబుల్. ఇందులో ఫ్రేముకు ఒక గడి చొప్పున ఉంటుంది కాబట్టి పట్టిక పరిమాణం ర్యామ్‌కు తగినట్టే ఉంటుంది. వెతకడానికి హాష్ కావాలి, ఒకే ఫ్రేమును పలు ప్రాసెస్‌లు పంచుకోవడం చిక్కవుతుంది. తాళ్లూరి, హిల్, యూసఫ్ ఖాలిది 1995లో ప్రతిపాదించిన క్లస్టర్డ్ పేజీ టేబుల్ హాష్ పట్టికలో ఒక్కో గడికి ఇరుగుపొరుగు పేజీల గుంపును కట్టి, స్థలాన్నీ వెతుకులాటనూ కలిపి తగ్గించింది.

క్లౌడ్‌లో ఈ ఖర్చు మరింత పెరుగుతుంది. అమెజాన్ 2022 నవంబరులో హైదరాబాదులో తెరిచిన డేటా సెంటర్ల వంటి చోట్ల అద్దెకిచ్చేది ఎక్కువగా వర్చువల్ మెషీన్లను. అతిథి సిస్టమ్ తన పట్టిక చూస్తుంది, ఆ పట్టిక చిరునామాలకు మళ్లీ ఆతిథేయి పట్టిక చూడాలి. నాలుగంచెల మీద నాలుగంచెలంటే ఒక్క అనువాదానికి గరిష్ఠంగా 24 సార్లు మెమరీ తాకాలి.

పేజీ తొలగింపు విధానాలు

కాకినాడ జె.ఎన్.టి.యు. పరిధిలోనే కాదు, ఎక్కడి ఇంజినీరింగ్ కళాశాలలోనైనా ఆపరేటింగ్ సిస్టమ్స్ ల్యాబ్‌లో విద్యార్థులు సి భాషలో రాసే ప్రోగ్రామ్ ఇది: పేజీల వరుస ఇచ్చి, ఏ పద్ధతికి ఎన్ని ఫాల్ట్‌లో లెక్కించడం. 1, 2, 3, 4, 1, 2, 5, 1, 2, 3, 4, 5 అనే వరుస అందరికీ పరిచితం. ముందొచ్చినదాన్ని ముందు పంపే ఫైఫో పద్ధతిలో 3 ఫ్రేములకు 9 ఫాల్ట్‌లు, 4 ఫ్రేములకు 10. ర్యామ్ పెంచితే ఫాల్ట్‌లు పెరిగాయి! 1969లో బెలాడీ, నెల్సన్, షెడ్లర్ చూపిన ఈ వైపరీత్యానికి బెలాడీ పేరే స్థిరపడింది. చాలాకాలంగా వాడనిదాన్ని పంపే ఎల్.ఆర్.యు. పద్ధతికి 3 ఫ్రేములతో 10, 4 ఫ్రేములతో 8. రాబోయేదంతా తెలిసిన ఆదర్శ పద్ధతికి 7, 6. ఎల్.ఆర్.యు.కు బెలాడీ వైపరీత్యం ఎప్పటికీ రాదు. అయినా 3 ఫ్రేముల దగ్గర ఇదే వరుసలో అది ఫైఫో కంటే ఒక ఫాల్ట్ ఎక్కువ తిన్నది. ఏ పద్ధతీ అన్ని వరుసలకూ మేలైనది కాదు.

ఎల్.ఆర్.యు.ను అక్షరాలా అమలు చేయాలంటే ప్రతి వాడకానికీ సమయం రాసుకోవాలి, అది భరించలేని ఖర్చు. అందుకే వాడుకలో ఉన్నవన్నీ ఉజ్జాయింపులే. క్లాక్ పద్ధతిలో పేజీలను వలయంగా పేర్చి ముల్లు తిప్పుతారు. రిఫరెన్స్ బిట్ 1 ఉంటే దాన్ని 0 చేసి వదిలిపెడతారు, 0 ఉంటే ఆ పేజీని పంపేస్తారు.

ఎల్.ఆర్.యు.కు ఇంకో బలహీనత ఉంది. పిఠాపురం మహారాజు పోషణలో వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు సంపుటాలను స్కాన్ చేసిన ఫైళ్లలో ఒక మాట కోసం మొదటి నుంచి చివరిదాకా గాలించారనుకుందాం. ప్రతి పేజీనీ ఒక్కసారే తాకుతారు. కానీ ఇప్పుడే తాకినవి కాబట్టి ఎల్.ఆర్.యు. దృష్టిలో అవే విలువైనవి. రోజంతా వాడే ఎడిటర్ పేజీలు బయటికి పోతాయి. లినక్స్ దీనికి విరుగుడుగా పేజీలను చురుకైనవి, నిదానమైనవి అని రెండు జాబితాల్లో పెట్టి, రెండోసారి తాకినదాన్నే చురుకైన జాబితాకు ఎక్కిస్తుంది. 2022 డిసెంబరులో 6.1 కూర్పులో చేరిన మల్టీ-జెన్ ఎల్.ఆర్.యు. రెండు జాబితాలకు బదులు తరాలుగా విభజిస్తుంది. పేజీ వయసును మరింత సూక్ష్మంగా చూడడం, ఆ చూపుకయ్యే ప్రాసెసర్ ఖర్చును తగ్గించడం దాని ఉద్దేశం.

పంపే పేజీలోనూ తేడా ఉంది. ప్రోగ్రామ్ కోడ్ వంటి మార్పులేని పేజీని ఊరికే వదిలేయవచ్చు, కావాలంటే ఫైలులో నుంచి మళ్లీ తెచ్చుకోవచ్చు. మార్పు జరిగిన డర్టీ పేజీని ముందు డిస్కులో రాయాలి. ప్రోగ్రామ్ సొంత డేటాకు వెనక ఫైలే ఉండదు, దాన్ని డిస్కులో స్వాప్ అనే ప్రత్యేక చోట రాయాలి. ఫైలు ఉన్న పేజీలు, సొంత డేటా పేజీల మధ్య మొగ్గును లినక్స్‌లో స్వాపినెస్ అనే అంకె నిర్ణయిస్తుంది. మామూలుగా అది 60.

త్రాషింగ్, వర్కింగ్ సెట్

ఒక ప్రోగ్రామ్ ఇటీవలి కొద్దికాలంలో తాకిన పేజీల సమూహమే దాని వర్కింగ్ సెట్. నడిచే ప్రోగ్రామ్‌ల వర్కింగ్ సెట్ల మొత్తం ర్యామ్‌ను మించితే త్రాషింగ్ మొదలవుతుంది. ఒకదాని పేజీ తేవడానికి ఇంకోదాని పేజీ పోతుంది, మరుక్షణం అదే మళ్లీ కావాలి. పాత షెడ్యూలర్లు ప్రాసెసర్ ఖాళీగా ఉందని చూసి ఇంకో ప్రోగ్రామ్‌ను ఎక్కించి పరిస్థితిని మరింత దిగజార్చేవి.

ఏలేరు ఆయకట్టు రైతుకు ఇది కొత్తగా చెప్పనక్కర్లేదు. నీరు చాలని ఏడు కాలువను అన్ని చేలకూ కొద్దికొద్దిగా వదిలితే ఏ చేనూ పండదు. వంతులు పెట్టి కొన్నింటికి పూర్తిగా ఇస్తే వాటి పంటైనా చేతికొస్తుంది. డెనింగ్ పరిష్కారం అదే: వర్కింగ్ సెట్ మొత్తానికీ చోటు ఉన్న ప్రోగ్రామ్‌లనే నడపాలి, మిగతావాటిని పూర్తిగా ఆపి పక్కన పెట్టాలి. అయితే వర్కింగ్ సెట్‌ను కొలవడానికి ఎంత కాలాన్ని లెక్కలోకి తీసుకోవాలన్నది తేలదు. తక్కువ తీసుకుంటే అవసరమైన పేజీలు లెక్కకు రావు, ఎక్కువ తీసుకుంటే అవసరం తీరినవీ కలుస్తాయి.

దీని పక్కనే మరో ఎంపిక. చోటు కావాల్సినప్పుడు ఆ ప్రాసెస్ సొంత పేజీల్లోంచే తీయాలా, అందరి పేజీల్లోంచి తీయాలా? వ్యాక్స్ వి.ఎం.ఎస్. మొదటిదాన్ని ఎంచుకుంది. ఒకరి దుబారా ఇంకొకరికి తగలదు, కానీ పక్కవారి దగ్గర ఖాళీగా ఉన్నది వాడుకోలేరు. లినక్స్ రెండోదానికి మొగ్గి, అవసరమైన చోట సీగ్రూప్‌లతో ఒక్కో గుంపుకు హద్దు పెట్టే వీలిచ్చింది.

అధిక కేటాయింపు

ప్రోగ్రామ్‌లు అడిగినంత వాడవు. యూనిక్స్‌లో ఫోర్క్ ఆదేశంతో పుట్టిన కొత్త ప్రాసెస్ తల్లి మెమరీకి పూర్తి ప్రతిగా కనిపిస్తుంది. నిజానికి రాసినప్పుడే ఆ పేజీ నకలు తీస్తారు. అందరూ అన్నీ వాడరన్న నమ్మకంతో లినక్స్ ఉన్నదానికి మించి మాట ఇస్తుంది. ఎక్కువ ప్రోగ్రామ్‌లు నడుస్తాయి, ర్యామ్ ఖాళీగా పడి ఉండదు. కానీ అందరూ ఒకేసారి వాడడానికి వస్తే మాట తప్పాలి. అప్పుడు ఓ.ఓ.ఎం. కిల్లర్ ఒక ప్రాసెస్‌ను ఎంచి చంపుతుంది. చనిపోయేది ఎక్కువ అడిగినదే కానక్కర్లేదు. విండోస్ ఈ దారి పట్టలేదు. ర్యామ్, పేజీ ఫైల్ కలిపి ఎంతుందో అంతవరకే ఇస్తుంది, దాటితే ముందే కాదంటుంది. ప్రోగ్రామ్‌కు ఆ వైఫల్యాన్ని సర్దుకునే అవకాశం దొరుకుతుంది, వాడని వాగ్దానాలకూ చోటు కట్టేయాల్సి వస్తుంది. లినక్స్‌లోనూ ఓవర్‌కమిట్ అమరికను 2కు మార్చి ఈ కట్టుబాటు తెచ్చుకోవచ్చు. డబ్బు లెక్కలు నడిపే సర్వర్లకు ఈ రెండోదే సబబైన ఎంపిక.

భద్రతకయ్యే ఖర్చు

ప్రాసెస్‌ల మధ్య గోడ కట్టేది పేజీ టేబులే. డేటా పేజీల మీద కోడ్ నడవకుండా ఆపే బిట్టు, చిరునామాలను ప్రతిసారీ చెదరగొట్టే ఏర్పాటు ఇక్కడివే. చాలా ఏళ్లు ఆపరేటింగ్ సిస్టమ్ కేంద్రభాగమైన కెర్నల్ పేజీలను కూడా ప్రతి ప్రాసెస్ పట్టికలోనే ఉంచారు. ప్రోగ్రామ్ కెర్నల్‌ను పిలిచే సిస్టమ్ కాల్‌కు పట్టిక మార్చనక్కర్లేదు, వేగం కలిసొచ్చేది. 2018 జనవరిలో వెల్లడైన మెల్ట్‌డౌన్ లోపంతో, ఇంటెల్ ప్రాసెసర్లలో ఆ పేజీలను మామూలు ప్రోగ్రామ్ కూడా పరోక్షంగా చదవగలదని తేలింది. లినక్స్ 4.15 కెర్నల్ పట్టికను వేరు చేసింది. ఆ లోపమున్న ప్రాసెసర్ల మీద ప్రతి సిస్టమ్ కాల్‌కూ పట్టిక మార్పు వచ్చి చేరింది.

స్వాప్, కుదింపు, తక్కువ ర్యామ్ ఫోన్లు

ఫోన్ల నిల్వ ఫ్లాష్. దాన్ని రాసేకొద్దీ అరుగుతుంది. అందువల్ల ఆండ్రాయిడ్ ఎక్కువగా జీర్యామ్‌ను వాడుతుంది. బయటికి పంపాల్సిన పేజీని కుదించి ర్యామ్‌లోనే ఓ మూలన ఉంచుతుంది. 4,096 బైట్ల పేజీని మూడో వంతుకు కుదిస్తే దాదాపు 2,700 బైట్లు మిగిలినట్టు. కుదించడానికీ విప్పడానికీ ప్రాసెసర్ పనిచేయాలి, ఆ మేరకు బ్యాటరీ తరుగుతుంది. ఇప్పటికే కుదించి ఉన్న వీడియో, ఫొటో ఫైళ్ల డేటా ఇంకా కుదియదు. 1 జీబీ లేదా అంతకన్నా తక్కువ ర్యామ్ ఫోన్ల కోసం గూగుల్ 2017 డిసెంబరులో విడుదల చేసిన ఆండ్రాయిడ్ గో కూడా ఈ కుదింపు మీద ఆధారపడుతుంది.

అదీ చాలనప్పుడు ఆండ్రాయిడ్ తెర మీద లేని యాప్‌లను చంపుతుంది. ఎల్.ఎం.కె.డి. అనే సేవ మెమరీ కోసం ప్రాసెస్‌లు ఎంతసేపు ఆగుతున్నాయో చూసి ఈ నిర్ణయం తీసుకుంటుంది. డెస్క్‌టాప్‌లో నెమ్మదిగా నడిచే పని ఇక్కడ మళ్లీ మొదలయ్యే పనిగా మారుతుంది. చీర ఫొటో వాట్సాప్‌లో పంపుతూ మధ్యలో డబ్బు వచ్చిందేమోనని చెల్లింపు యాప్ తెరిచి తిరిగి వచ్చేసరికి వాట్సాప్ మళ్లీ మొదటి నుంచి తెరుచుకోవడం చిన్న ఫోన్‌లో సహజం. త్రాషింగ్‌తో తెర స్తంభించే కంటే ఇది మేలని రూపకర్తలు ఎంచుకున్నారు. మళ్లీ తెరిచేటప్పుడు పోయే క్షణాలు, ఛార్జ్, కొన్నిసార్లు సగంలో రాసిన మాటలు వాడేవారి ఖాతాలోకి వెళతాయి. యాప్ తన స్థితిని సరిగా దాచుకుంటే ఆ నష్టం చాలావరకు తప్పుతుంది. అంటే భారంలో కొంత యాప్ రాసేవారిది.

ఇటీవల ఫోన్ల పెట్టెల మీద 8 జీబీకి మరో 8 జీబీ కలిపి 16 అని రాస్తున్నారు. ఆ రెండో 8 జీబీ ర్యామ్ కాదు, స్వాప్ కోసం కేటాయించిన ఫ్లాష్ నిల్వ. చాలాసేపుగా తాకని యాప్‌ను చంపకుండా అక్కడ దాచడానికి అది పనికొస్తుంది. ఇప్పుడు వాడుతున్న యాప్‌ను వేగంగా నడపడానికి పనికిరాదు. ఆ మేరకు ఫొటోలకు, ఫైళ్లకు ఉన్న చోటు తగ్గుతుంది, ఫ్లాష్ మీద రాతలు పెరుగుతాయి. నిల్వ నిండిపోయి, నిజమైన ర్యామ్ 4 జీబీలే ఉన్న ఫోన్‌లో ఈ అమరికను తగ్గించుకోవడమో ఆపేయడమో చేయవచ్చు. చాలా ఫోన్లలో సెట్టింగ్స్‌లో ర్యామ్ లేదా మెమరీ పేరుతో ఉన్న చోట ఆ మీట ఉంటుంది.